టేప్ ప్లగిన్ వేసే ముందు లెవెల్ చూడండి
టేప్ ఎమ్యులేషన్ (పాత టేప్ రికార్డర్ ధ్వనిని అనుకరించే ప్లగిన్) వేయగానే పాట మసకబారితే, ముందు అనుమానించాల్సింది లోపలికి వెళ్తున్న లెవెల్‌ని. చాలా ప్లగిన్లలో 0 వీయూ (సగటు లెవెల్ చూపే మీటర్‌లో సున్నా గుర్తు) అంటే మైనస్ 18 డీబీఎఫ్ఎస్, అంటే డిజిటల్ గరిష్ఠ స్థాయికి 18 డెసిబెల్స్ కింద. వోకల్ సగటు అక్కడ ఉండేలా గెయిన్ సరిచేయండి. డ్రమ్స్‌కి మాత్రం వీయూ ముల్లును నమ్మకండి. అది పైకి చేరడానికి దాదాపు 300 మిల్లీసెకన్లు పడుతుంది, ఆలోపే స్నేర్ దెబ్బ అయిపోతుంది. క్షణకాలపు గరిష్ఠ స్థాయిని చూపే పీక్ మీటరే చూడాలి.

ఇన్‌పుట్ పెంచినప్పుడల్లా అవుట్‌పుట్ తగ్గించి, బైపాస్‌తో (ప్లగిన్ ప్రభావం లేని ధ్వనితో) సమాన లెవెల్‌లో పోల్చండి. లేదంటే గట్టిగా వినిపించేదే బాగున్నట్టు అనిపిస్తుంది.

ప్లగిన్‌లో టేప్ వేగాన్ని సెకనుకు 15 అంగుళాల నుంచి 30కి మారిస్తే హెడ్ బంప్ (టేప్ హెడ్ వల్ల కింది ఫ్రీక్వెన్సీల్లో వచ్చే ఉబ్బు) దాదాపు ఒక ఆక్టేవ్ పైకి, అంటే రెట్టింపు ఫ్రీక్వెన్సీకి జరుగుతుంది. కిక్, బేస్‌లకు నాకు 15 ఇష్టం. హిస్ (టేప్ నుంచి వచ్చే బుస లాంటి శబ్దం) ఆపేయండి: 16 ట్రాకుల్లో విడివిడిగా పుట్టే ఒకే స్థాయి హిస్ కలిస్తే 12 డీబీ పెరుగుతుంది.