నాతాను వచ్చేదాకా దావీదు ఎలా బతికాడు?

ఇశ్రాయేలు రాజు దావీదు తన సైనికుడు ఊరియా భార్య బత్షెబతో పాపం చేసి, ఆమె గర్భవతి అయ్యాక ఊరియాను యుద్ధంలో చచ్చేలా చేసి, ఆమెను పెళ్లి చేసుకున్న సంగతి మనందరికీ తెలుసు. సండే స్కూల్ పిల్లలకైతే కొంచెం దాటేసి చెప్తాం గానీ పెద్దవాళ్లకు ఆ రెండు అధ్యాయాలు కంఠతా వచ్చినట్టే. అయితే 2 సమూయేలు 11వ అధ్యాయానికీ 12వ అధ్యాయానికీ మధ్య ఎంతకాలం గడిచిందో పెద్దగా పట్టించుకోం. నాతాను ప్రవక్త రాజు దగ్గరికి వచ్చేసరికి బిడ్డ పుట్టేశాడు. అంటే తక్కువలో తక్కువ తొమ్మిది నెలలు. అన్నాళ్లూ దావీదు సింహాసనం మీదే ఉన్నాడు. సేనాధిపతి యోవాబు యుద్ధం చేస్తూనే ఉన్నాడు. విధవరాలైన ఒక సైనికుడి భార్యను రాజు ఇంటికి తెచ్చుకున్నాడంటే పైకి మంచితనంలాగే కనబడి ఉంటుంది.

లోపల ఎలా ఉందో తెలియాలంటే 32వ కీర్తన చదవాలి. "నేను మౌనినై యుండగా దినమంతయు నేను చేసిన నా ఆర్తధ్వనివలన నా యెముకలు క్షీణించినవి" అంటాడు 3వ వచనంలో. ఆ తర్వాతి మాట, "నా సారము వేసవికాలమున ఎండినట్టాయెను." నాతాను పేరు 51వ కీర్తన శీర్షికలో ఉంది గానీ దీనికి లేదు. అయినా చాలామంది వ్యాఖ్యాతలు దీన్ని ఆ రోజులతోనే ముడిపెడతారు, నాకూ అదే సరైనదనిపిస్తుంది. దేవుని ముందు నోరు మూసుకున్నవాడు రోజంతా మూలుగుతున్నాడు. ఒప్పుకోవాల్సిన ఒక్క మాట ఆపినందుకు మిగతాదంతా ఏడుపై బయటికొస్తోంది. రాత్రి నిద్ర లేదు, పగలు ఓపిక లేదు. మే నెలలో నెర్రెలు విచ్చిన చెరువును చూసినవాళ్లకు ఆ వేసవి మాట ఇంకొకరు వివరించక్కర్లేదు.

దాచిన పాపం మొదట తినేసేది ప్రార్థననే. ప్రార్థన ఆగిపోదు, అదే చిత్రం. ఇంకా పొడుగవుతుంది. దేశం కోసం, సేవకుల కోసం, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం చక్కగా సాగుతుంది. తన వంతు వచ్చేసరికి ఆమేన్. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) ఉన్న ఆదివారం ఊరెళ్లే పని ఏదో ఒకటి తగులుతుంది. ఊరెళ్లడం కుదరకపోతే ఇంకా టెన్షన్: చిన్న చిన్న గ్లాసుల ట్రే తన వరుస దాకా వస్తుంది, తీసుకోకపోతే పక్కవాళ్లు ఏమనుకుంటారో అని తీసుకుంటాడు. "ప్రతి మనుష్యుడు తన్నుతాను పరీక్షించుకొనవలెను" అని పాస్టరుగారు అప్పుడే చదివారు. ఆ మాట తనకు తప్ప అందరికీ వర్తిస్తుందన్నట్టు కూర్చుంటాడు.

రెండో నష్టం గురించి మన ప్రసంగాల్లో తక్కువ వింటాం. ఒక ధనవంతుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కుని విందు చేశాడని నాతాను చెప్పిన కథ వినగానే దావీదుకు పట్టలేని కోపం వచ్చింది. ధర్మశాస్త్రం ప్రకారం దొంగిలించిన గొర్రెకు నాలుగు గొర్రెలు ఇస్తే సరిపోతుంది. దావీదు ఆ నాలుగంతలు చెప్పడమే కాక, ఆ మనిషి మరణపాత్రుడనీ తీర్పు ఇచ్చాడు. ఇదే దావీదు, ఊరియా చనిపోయాడన్న కబురు వచ్చినప్పుడు, యుద్ధమన్నాక కత్తి ఎవరో ఒకరి మీద పడుతుందిలే, చింతపడకు అని యోవాబుకు చెప్పి పంపాడు. మనిషి ప్రాణానికి అంత తేలిగ్గా మాట్లాడినవాడు గొర్రెపిల్ల దగ్గర అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. సంఘంలో కుర్రాళ్ల తప్పుల మీద అందరికంటే గట్టిగా అరిచే పెద్దమనిషిని చూసినప్పుడు నాకు ఈ వచనమే గుర్తొస్తుంది. ప్రతిసారీ అదే కారణమని అననుగానీ, ఇంట్లో భార్యాపిల్లల మీద ఊరికే విసుక్కునే భక్తుడు ఒకసారి తన సంగతి చూసుకుంటే మంచిది.

యెరికో పట్టణం దోపుడులో దేవునికి చెందాల్సిన సొమ్ము దొంగిలించిన ఆకాను విషయంలో నష్టం ఇంకొకళ్లకు పోయింది. షీనారు పైవస్త్రం, 200 తులాల వెండి, ఒక బంగారు కమ్మి డేరాలో పాతిపెట్టాడు. కట్టుకోలేడు, అమ్ముకోలేడు. ఆ పాపం వల్ల హాయి అనే పట్టణం మీద యుద్ధానికి వెళ్లిన ఇశ్రాయేలీయుల్లో ముప్పై ఆరుగురు చనిపోయారు. అలాగని ఎవరికి జబ్బు చేసినా "ఏం పాపం దాచావు?" అని అడిగేవాళ్లను నేను ఒప్పుకోను. పుట్టుగుడ్డివాడి విషయంలో శిష్యులు అదే అడిగితే ప్రభువు కాదన్నాడు.

"బాప్తిస్మం అప్పుడే అన్నీ ఒప్పుకున్నాను కదా" అనేవాళ్లున్నారు. బిషప్ అగస్టీన్ అలా అనుకోలేదు. 430లో వాండల్ సైన్యం ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణాన్ని ముట్టడించి ఉండగా, మంచం పట్టిన ఆయన దావీదు పశ్చాత్తాప కీర్తనలు రాయించి గోడకు పెట్టించుకున్నాడు. పడుకునే వాటిని చదువుతూ ఏడ్చేవాడని ఆయన దగ్గర పెరిగిన పొస్సీదియస్ రాశాడు. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు.

మరి ఎవరి దగ్గర ఒప్పుకోవాలి? దేవుని దగ్గర, అందులో సందేహం లేదు. మనిషి తోడు కావాలంటే నోరు కట్టుకోగల ఒక్కరు చాలు. ప్రార్థన కోరికల వాట్సాప్ గ్రూపు మాత్రం కాదు. అక్కడ "ఫలానా వారి కోసం ప్రార్థించండి" అన్న మాటతో ఊరంతా తెలిసిపోతుంది. ఇక డబ్బు విషయమైతే లేవీయకాండం 6వ అధ్యాయం లెక్క కూడా చెప్పింది: అసలు మొత్తం, దాని మీద ఐదో వంతు, బలి అర్పించే రోజునే సొంతదారుడి చేతికి. చీటీ డబ్బులో 20,000 వాడుకున్నవాడు 24,000 పట్టుకెళ్లాలి. కన్నీళ్లు పెట్టుకోవడం కంటే ఇది కష్టం, అందుకే మనం కన్నీళ్ల దగ్గరే ఆగిపోతాం.

దావీదుకు ఆ అవకాశం కూడా లేదు. "నేను పాపముచేసితిని" అన్న వెంటనే క్షమాపణ దొరికింది గానీ, వెళ్లి కాళ్లు పట్టుకుందామన్నా ఊరియా లేడు. మనం అన్యాయం చేసిన మనిషి చాలాసార్లు బతికే ఉంటాడు. అదే ఊళ్లో ఉంటాడు, ఆయన నంబర్ మన ఫోన్‌లోనే ఉంటుంది.