బీరువ మీది ఇత్తడి బిందె

ఏడాది దాటింది. ఇప్పుడు రాత్రి పది కొట్టంగనే బుగులు లేకుంట పండుకుంటున్న, అందుకే రాస్తున్న. అప్పుడే రాస్తే తిట్లు తప్ప ఏమీ ఉండకపోయేటివి.

మిర్యాలగూడల ఓ రైసుమిల్లుల కాంటా కాడ గుమస్తాను నేను. యాసంగి వడ్లు దిగే దినాలల్ల లారీలు రోడ్డు పొడుగునా నిలబడి ఉంటయి. రాత్రి ఎనిమిదింటికి ఎక్కితే పొద్దుగాల ఎనిమిదింటికి దిగుడు. ఇంటికొచ్చి పండుకుంటే పైన రేకుల సెగ, పక్కన పిల్లల లొల్లి. రెండు గంటలు కన్ను అంటుకుంటే గొప్ప. వారానికో రాత్రి సెలవు, ఆ ఒక్క రాత్రి అందరి లెక్క పండుకునేటోన్ని. నలభై దినాలు ఛాయ మీదనే బతికిన.

మొదట ఒకట్రెండు సార్లు పగటి నిద్రల వచ్చింది. తెలివైంది కానీ చెయ్యి లేవలేదు, నాలుక మెదలలేదు. క్షణాలల్ల పోయింది. అలసట అనుకున్న.

మే నెల్ల ఒక సెలవు రాత్రి మాత్రం చచ్చేదాకా మర్చిపోను. ముందటి ఇంట్ల ఇనుప మంచం మీద ఎల్లెలుకల, మొఖం పైకి పెట్టి, పండుకున్న. కండ్లు తెరుచుకున్నయి. ఫ్యాను తిరుగుతున్నది, క్యాలెండరు రెపరెపలాడుతున్నది, కింద చాప మీద నా భార్య, పిల్లలు. అన్నీ కనపడుతున్నయి. కాలి వేలు కూడ కదలట్లేదు. వంటింటి దిక్కు నుంచి అడుగుల చప్పుడు. దర్వాజ కాడ తెల్లచీర కట్టుకున్న ముసలామె నిలబడ్డది, మొఖం లేదు. వచ్చి నా గుండెల మీద కూసున్నది. ఊపిరి గట్టిగ తీసుకోవాలని చూస్తే ఛాతి లేస్తలేదు. పిలుద్దామంటే గొంతుల ఉన్న పేరు బయటికి రాదు. నా భార్య చెయ్యి నా మంచానికి జానెడు దూరంల ఉన్నది.

అప్పుడు చెవులల్ల బోరు మోటరు ఎత్తుకున్నట్టు రొద. కాంటా మీది నుంచి లారీ దిగంగనే అంకె గిరగిర సున్నకు పడిపోతది చూడండ్రి, అట్ల ఒక్కసారి ఒంట్ల బరువంత పోయింది. నేను పైన, రేకుల కింద ఉన్న. కింద మంచం మీద చిరిగిన బనీనుతోని, నోరు తెరిచి, నేనే. బీరువ మీద మా అమ్మ ఇత్తడి బిందె బోర్లించి ఉన్నది, దాని సొట్ట కూడ కనపడ్డది. సచ్చిపోయిన అనుకున్న. ఆ క్షణంల పిల్లలు యాదికి రాలేదు, చిట్టి పైసలు ఎవరికి ఇవ్వాల్నో నా భార్యకు చెప్పలేదే అన్నది యాదికొచ్చింది. ఇది రాయాలంటే సిగ్గే, కానీ జరిగిందదే.

చిన్నోడు నిద్రల నా మంచం కోడును తన్నిండు. గుభీమని మంచం మీద పడ్డట్టయింది. లేచి ఏడ్చిన.

అమ్మ అడిగితే చూసింది చూసినట్టు చెప్పిన. తెల్లచీర ముసలామె అన్న. ఆ మాట నా నోటి నుంచి రాకుండ ఉంటే బాగుండు.

నల్గొండల ఒక డాక్టరు దగ్గరికి పోయినం. ఈసీజీ, రక్త పరీక్షలు, అన్నీ మంచిగనే ఉన్నయి. ఎన్ని గంటలు పండుకుంటవని ఒక్క మాట అడగలేదు. రాత్రి డ్యూటీ సంగతి నేనే చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మందులతోని తగ్గేది కాదయ్యా ఇది. మీ ఊర్ల మంత్రాలోళ్లు ఎవరన్న ఉంటే చూపించుకో" అని నవ్విండు, కాంపౌండరు కూడ నవ్విండు. ఆయనకది జోకు. ఐదు వందలు ఫీజు ఇచ్చి కొనుక్కున్న జోకు. మా అమ్మకు మాత్రం అది డాక్టరే చెప్పిన మాట అయింది.

మా వెనకింట్ల ఒక పెద్దమ్మ ఉండేది. పెద్దనాయిన పోయినంక ఒక్కతే. తెల్లచీరే కడతది. ఇగ చూడండ్రి. అమ్మ ఆమెకు మజ్జిగ పోసుడు బంద్ పెట్టింది. బాణామతి, అంటే చేతబడి, అన్న మాట మొదలు ఎవరన్నరో తెలువదు, వారంల బజారంత అంటున్నది. మా బామ్మర్ది ఇద్దరు పోరగాండ్లను ఏసుకొని రాత్రి ఆమె తలుపు కొట్టి, "మా బావకు ఏం చేసినవు చెప్పు" అని లొల్లి చేసిండు. తెల్లారి ఆమె తాళం ఏసి హాలియల బిడ్డ దగ్గరికి పోయింది. బాణామతి పేరు మీద మనుషుల పండ్లు ఊడగొట్టిన, తగలబెట్టిన చరిత్ర ఈ తెలంగాణ పల్లెలది. ఆ చప్పుడంత మంచం మీద నుంచి విన్న. ఆ పొద్దు నాకు ఏ దయ్యమూ నోరు కట్టెయ్యలేదు. అయినా లేవలేదు.

చెర్వుగట్టు రామలింగేశ్వరుని గుడికి కూడ పోయినం, అమాస రాత్రి గట్టు మీద పండుకున్నం. అబద్ధం ఎందుకు, అక్కడ మంచిగ నిద్ర పట్టింది. ఆ స్వామి దయ అని అమ్మ ఇప్పటికీ అంటది. తర్వాత హైదరాబాదుల మానసిక వైద్యురాలికి ఇది చెప్తే నవ్వి, "బండ మీద ఒత్తిగిల్లి, రాత్రంతా పడుకున్నారుగా" అన్నది. ఇద్దరి మాటా నేను కాదనను. కట్టిన తాయెత్తు కూడ తీయలేదు.

ఆ మేడం నలభై నిమిషాలు కూసోబెట్టి విన్నది. ముందు నిద్ర లెక్క అడిగింది. తర్వాత, పగలు మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారుతారా, నవ్వితే మోకాళ్లు సడలుతాయా అని అడిగింది. అట్లుంటే నార్కోలెప్సీ అని వేరే రోగమట. నాకు లేదు. నాది స్లీప్ పెరాలసిస్. నూటికి ఏడెనిమిది మందికి జన్మల ఒక్కసారన్న వస్తదట. కలలు పడే నిద్రల మెదడే ఒంటికి తాళం ఏస్తది, లేకుంటే కలల ఉరికినోడు మంచం మీది నుంచి కూడ ఉరుకుతడు. కండ్లు, ఊపిరి లాగే డయాఫ్రం మాత్రం నడుస్తయి. తాళం తీయకముందే తెలివైతే ఇదిగో ఇట్లయితది. ఛాతి కండరాలు సడలి ఉంటయి కాబట్టి గట్టిగ పీల్చబోతే అందదు, ఎవరో కూసున్నట్టు ఉంటది. కానీ ఊపిరి ఆగదు. ఈ ఒక్క మాటకు ఆమె కాళ్లు మొక్కుదామనిపించింది.

మరి పైకి పోయిన సంగతి? మన ఒళ్లు ఎక్కడున్నదో చెప్పే జాగ చెవి వెనక దిక్కున మెదడుల ఉంటదట. కన్ను, చెవిలోని తూకం, చర్మం పంపే కబుర్లను అది కలిపి లెక్క కడతది. కబుర్లు పొంతన లేకుంటే లెక్క తప్పి, తేలినట్టు, బయటికి వచ్చినట్టు ఉంటది. ఇంటికొచ్చి ఫోన్ల చదివిన. 2002ల జెనీవాల ఓలాఫ్ బ్లాంకే అనే డాక్టరు బృందం మూర్ఛ ఉన్న ఒకామె మెదడుల సరిగ్గ ఆ దిక్కు సన్నగ కరెంటు పెడితే, మంచం మీద ఉన్న తననే పై నుంచి చూస్తున్న అన్నదట. కాళ్లు, నడుము వరకే కనపడ్డయట. కెనడాల అలన్ చేయిన్ అనే ఆయన ఈ అనుభవాలను మూడు తీర్ల విడగొట్టిండు: ఎవరో ఇంట్లకొచ్చుడు, గుండెల మీద కూసునుడు, తేలుడు. నాకు ఒక్క రాత్రే మూడూ పడ్డయి. నసీబు.

అయినా మనసు ఒప్పలేదు. అంత సాఫ్‌గ చూసిన కదా. స్టూలు ఏసుకొని బీరువ మీదికి చూసిన. దుమ్ము, పాత సూట్‌కేసు. బిందె లేదు. అమ్మను అడిగితే, "అది రెండేండ్ల కిందనే చెల్లెకు పెట్టలేదా" అన్నది. రేకుల కింద నుంచి చూసినోనికి సూట్‌కేసు కనపడాలె గద? నాకు కనపడ్డది నా తలకాయల ఉన్న ఇల్లు. స్టూలు మీద నిలబడే చాలాసేపు నవ్విన, ఆ తర్వాత పెద్దమ్మ యాదికొచ్చింది. ఆమెను కూడ అట్లనే చూసిన.

మూడు నెలలు ఒక చిన్న గోలి ఇచ్చిండ్రు, అందరికీ అవసరం పడదట. సేటును బతిమాలి పగటి డ్యూటీకి మారిన. పొద్దుమీకినంక ఛాయ బంద్. పక్కకు తిరిగి పండుకునుడు. మళ్ల వస్తే కొట్లాడకుంట ఒక్క వేలు మీదనే మనసు పెట్టాలె. మీకు కూడ అయితే నిద్ర లెక్క అడిగే డాక్టరును చూసుకోండ్రి.

వానకాలంల నా భార్యను తీసుకొని హాలియకు పోయిన. పెద్దమ్మ చింతకాయ తొక్కుతున్నది. మమ్మల్ని చూసి రోకలి పక్కన పెట్టింది, తిన్నరా అని అడిగింది. తప్పయింది పెద్దమ్మా అన్న. చానాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ పెద్దనాయిన పోయిన ఏడు నాక్కూడ రోజు తొక్కేది కొడుకా" అన్నది. "గోడ దిక్కు మర్రి పండుకుంటే పోయింది. నువ్వు చిన్నప్పటి సంది ఎల్లెలుకలే పండుకుంటవు. అడిగితే నేనే చెప్తుంటి గద."

మళ్ల రోకలి పట్టుకున్నది. ఊరికి వస్తనని మాత్రం అనలేదు.