భయంతో చేసిన మేలు

ఎదిగే వయసు నవలల్లో నన్ను కట్టిపడేసేవి చేసినవాళ్ళకే సరిగ్గా తెలియని చిన్న చిన్న మేళ్ళు. చార్లెస్ డికెన్స్ 1860–61లో ధారావాహికగా ప్రచురించిన ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’లో పసివాడు పిప్, పారిపోయి వచ్చిన ఖైదీకి తిండీ ఆకురాయీ తెచ్చి ఇచ్చేది చాలావరకు ప్రాణభయంతోనే, అయినా అతను ఆవురావురుమంటూ తింటుంటే జాలిపడి, తిండి నచ్చినందుకు సంతోషమని చెబుతాడు. ఆ మాట ఊరికే పోలేదు. పట్టుబడ్డాక ఖైదీ ఆ తిండిని తానే దొంగిలించానని చెప్పి పిల్లవాణ్ణి కాపాడతాడు. ఏళ్ళు గడిచాక, తన సంపదకు మూలం ఆ మనిషేనని తెలిసినప్పుడు పిప్‌కు కలిగేది ఏవగింపు. ఆ ఏవగింపు కరిగి, న్యాయస్థానంలో అందరి ఎదుటా అతని చెయ్యి పట్టుకోగలిగినప్పుడే పిప్ పెద్దవాడయ్యాడని నాకనిపిస్తుంది. (ఎస్టెల్లా అనే అమ్మాయి మీద పిప్‌కున్న ప్రేమ నన్నెప్పుడూ ఇంతగా కదిలించలేదు.)

హార్పర్ లీ 1960లో వెలువరించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’లో మేలు పొందేది చిన్నపిల్ల. పొరుగింటి మంటలు చూస్తూ చలిలో నిలబడ్డ స్కౌట్ భుజాల మీద ఎవరో దుప్పటి కప్పిన సంగతి, తండ్రి అడిగేదాకా ఆమెకే తెలియదు. కప్పినవాడు, ఇల్లు దాటి బయటికి రాని, పిల్లలంతా దయ్యంలా ఊహించుకున్న బూ రాడ్లీ అని అర్థమయ్యాక ఆమెకు కృతజ్ఞత తోచదు, వాంతి వచ్చినంత పనవుతుంది.