నా అనుభవం: పాతిక అడుగుల సైటుకి ముప్పై అడుగుల బండి

అద్దెకి తీసుకున్న ఆర్‌వీ, అంటే లోపలే పడకలు, వంటగది, టాయిలెట్ ఉండే పెద్ద బండి, తిరిగి అప్పజెప్పి వారం కూడా కాలేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే ఆర్‌వీలో కాలిఫోర్నియా తీరం తిప్పుదామనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, వాళ్లకైనా పనికొస్తుంది.

ముందు డబ్బు సంగతి. వేసవిలో సముద్రం పక్కన హోటల్లో మా ఆరుగురికీ రెండు గదులంటే రోజుకి ఐదారు వందల డాలర్లకి తక్కువ దొరకలేదు. అదే తీరంలో స్టేట్ పార్కులో మామూలు సైటు, అంటే బండి నిలుపుకుని రాత్రి ఉండే చోటు, చాలాచోట్ల రాత్రికి 35 డాలర్లు, పైన బుకింగ్ ఫీజు ఒక ఎనిమిది డాలర్ల చిల్లర. బండి అద్దె మాత్రం చవక కాదు. అద్దె, మైళ్ల లెక్క, ఇన్సూరెన్సు, గ్యాసు (పెట్రోలు) అన్నీ వేసుకోవాలి. అందులోనే పడుకుని, అందులోనే వండుకుంటేనే గిట్టుబాటు. బయట తినడం మొదలుపెడితే హోటలే నయం.

బుకింగ్ పెద్ద కష్టం కాలేదు. స్టేట్ పార్కుల బుకింగ్ వెబ్‌సైటు రిజర్వ్ కాలిఫోర్నియాలో ఆరు నెలల ముందు, పొద్దున్న సరిగ్గా 8 గంటలకి తలుపులు తెరుస్తారు. శుక్ర, శని వారాలు వదిలేసి ఆదివారం నుంచి గురువారం దాకా చూసుకుంటే దొరుకుతాయి. లైసెన్సు గురించి కూడా టెన్షన్ వద్దు, 40 అడుగుల వరకూ మోటర్‌హోమ్‌కి కాలిఫోర్నియాలో మామూలు లైసెన్సే సరిపోతుంది. మా ఆయనకి పెద్ద బండంటే భయం, అందుకని మొత్తం దారంతా నేనే నడిపాను. కేంబ్రియా వైపు 46 నంబరు రోడ్డు మీద కొండ దిగేటప్పుడు కూడా ఒక్క కుదుపు లేకుండా దింపాను. ఆడవాళ్లకి అంత బండి ఎందుకన్నవాళ్లు ఇది చదవాలి.

ఇక అసలు సంగతి. ప్రతి సైటుకీ బండి పొడవు ఇంత మించకూడదని రాసి ఉంటుంది. మాంటెరే బే మీద మాకు దొరికిన మొదటి పార్కులో అది 25 అడుగులు. అందుకే 23 అడుగుల బండి బుక్ చేసి, పార్కు హద్దు 25 అని అద్దె కంపెనీకి మెయిల్ కూడా పెట్టాను, సరేనని జవాబూ వచ్చింది. తీరా తీసుకునే రోజు యార్డులో కుర్రాడు నవ్వుతూ, "మీ బండి రిపేరులో ఉంది, మీ అదృష్టం, ఫ్రీగా పెద్దది ఇస్తున్నాం" అన్నాడు. 30 అడుగులది. సైటులో పట్టదు బాబూ అని మెయిల్ తీసి చూపించాను. "పార్కుల్లో ఎవరూ కొలవరు మేడం, అందరూ ఇలాగే వెళ్తారు" అన్నాడు. వేరే బండి లేదు, వద్దంటే ట్రిప్పే లేదు. పిల్లలు అప్పటికే సీట్ల కింద దూరి ఆడుతున్నారు, అమ్మ పచ్చడి సీసాలు సర్దేసింది.

కొలిచారు. సాయంత్రం పార్కు గేటు దగ్గర కూర్చున్న అమ్మాయి బండిని ఒకసారి పైనుంచి కిందికి చూసి, టేపు పట్టుకుని బయటికొచ్చింది. ముందు బంపర్ నుంచి వెనక నిచ్చెన దాకా, రెండుసార్లు. తర్వాత నా కిటికీ దగ్గరకొచ్చి, వెనక కార్లలో వాళ్లకి కూడా వినపడేంత గట్టిగా, "కన్ఫర్మేషన్‌లో ఏం రాసి ఉందో చదవరా?" అంది. కంపెనీ మెయిల్ చూపించబోతే చూడలేదు. బండి వెనక భాగం రోడ్డు మీదికి వస్తే ఫైరింజను పోలేదు, అది నిబంధన, నాకూ తెలుసు. ఆ పాత సైట్లు ఇంత పొడవు బండ్లని తలుచుకుని వేసినవి కావు. నిబంధనతో నాకు పేచీ లేదు. చెప్పే తీరే గుచ్చుకుంది.

నాన్న నా పక్క సీట్లో ఉన్నారు. ఆయనకి ఆ ఇంగ్లీషు వేగం అందలేదు. "ఏమంటోందమ్మా, డబ్బులేమైనా తక్కువయ్యాయా?" అంటూ జేబులోంచి పర్సు తీసి, నేను ఎప్పుడో ఇచ్చిన ఇరవై డాలర్ల నోటు మడత విప్పుతున్నారు. బాపట్లలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి. ఆ నోటు చూడగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వెనక్కి తిప్పుకుని వెళ్లిపొమ్మన్నారు, తిప్పడానికి చోటేది? మా ఆయన దిగి, వెనక ఉన్న కార్లన్నిటి దగ్గరికీ వెళ్లి కొంచెం వెనక్కి తీయమని బతిమాలారు. ఒకాయన హారన్ కొడుతూనే ఉన్నాడు.

అప్పుడు వచ్చారు ఒక పెద్దావిడ, అక్కడ క్యాంప్ హోస్టుగా ఉంటున్న వాలంటీరు. ఎన్‌రూట్ అడిగారా అన్నారు. ఆ మాట గేటు దగ్గర ఎవరూ చెప్పలేదు. ఎన్‌రూట్ అంటే, కొన్ని తీర పార్కుల్లో పగటి పార్కింగ్ చోటులోనే, లోపల టాయిలెట్, నీళ్ల ట్యాంకులు ఉన్న బండ్లని ఒక్క రాత్రికి ఉండనిస్తారు, పొద్దున్న 9 గంటలకల్లా ఖాళీ చేయాలి. అన్ని పార్కుల్లోనూ ఉండదు, ఉన్నచోట కూడా అడిగితేనే చెప్తారు, కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మమ్మల్ని సముద్రానికి ఎదురుగా నిలబెట్టారు, మా సైటుకన్నా మంచి చోటు. రెండో రాత్రికి కట్టిన డబ్బు మాత్రం పోయింది.

మర్నాడే శాన్ సిమియన్ స్టేట్ పార్కుకి వెళ్లిపోయాం. అక్కడ సైటు పొడవు సరిపోయింది, కరెంటు కనెక్షన్ లేదు. కాబట్టి రైస్ కుక్కర్ పని చేయదు. జనరేటర్ ఉంది కదా అనుకోకండి, పొద్దున్న 10 నుంచి రాత్రి 8 దాకానే వేయనిస్తారు. ప్రెషర్ కుక్కర్ పట్టుకెళ్లండి, బండిలో గ్యాస్ స్టవ్ మీద అన్నం, పప్పు హాయిగా అయిపోతాయి. గిన్నెలు మాత్రం కుళాయి వదిలేసి తోమకూడదు. వాడిన నీళ్ల ట్యాంకు ఇట్టే నిండిపోతుంది, ఆ నీళ్లు నేల మీద వదలడం నిషేధం. డంపింగ్‌లో, అంటే ట్యాంకులు ఖాళీ చేసేటప్పుడు, ముందు టాయిలెట్ ట్యాంకు, తర్వాత వాడిన నీళ్లది, చేతికి గ్లవ్స్. అంతే, దాని గురించి జనం చెప్పేంత భయమేమీ లేదు.

దగ్గర్లోనే పియెద్రాస్ బ్లాంకాస్ దగ్గర ఎలిఫెంట్ సీల్స్, అంటే తొండంలాంటి ముక్కున్న భారీ సముద్ర జంతువులు, ఉంటాయి, చూడటానికి టికెట్ లేదు. సూర్యలంక సముద్రం చూస్తూ పెరిగిన నాన్న, అవి రెక్కల్లాంటి ముందు కాళ్లతో ఇసుక ఎత్తి వీపు మీద పోసుకుంటుంటే కంచె పట్టుకుని కదలకుండా నిలబడిపోయారు. ఇంత తీరం ఎవరూ గోడ కట్టకుండా ఎలా మిగిలిందని అడిగారు. తీరం అందరికీ అందుబాటులో ఉండాలని 1976లో కోస్టల్ యాక్ట్ అనే చట్టం తెచ్చారు నాన్నా అని చెప్పాను. సముద్రం డబ్బున్నవాడి కిటికీకి మాత్రమే కనపడితే అది ఊరికి అవమానం. ఈ ఒక్క విషయంలో కాలిఫోర్నియాకి దణ్ణం పెట్టొచ్చు, మన తీరంలోనూ ఇలాంటి పట్టుదల కావాలి.

బండి తీసుకునేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పొడవు ఎంతో ఒప్పందం కాగితం మీదే రాయించుకోండి, మెయిల్‌ని వాళ్లు లెక్క చేయరు. పెద్ద బండి ఇస్తామంటే అది మీకు చేసే మేలు కాదు, వాళ్ల దగ్గర చిన్నది లేకపోవడం. యార్డులోనే మీ టేపుతో కొలిచి ఫోటో తీసుకోండి, బంపర్, నిచ్చెన, సైకిల్ స్టాండు అన్నీ కలిపి.

బండి అప్పజెప్పేటప్పుడు అదే కుర్రాడు ఉన్నాడు. మొదటి పార్కులో మేం పోగొట్టుకున్న రెండో రాత్రి సైటు డబ్బు, పెద్ద బండి ఎక్కువ తాగిన గ్యాసు లెక్క కాగితం మీద రాసి ఇచ్చాను. క్లీనింగ్ ఫీజు ఒక్కటే తీసేశారు. మిగతా దానికి ఆ మెయిల్ జతచేసి క్రెడిట్ కార్డు వాళ్ల దగ్గర డిస్ప్యూట్ పెట్టాను, ఇంకా తేలలేదు.