కూలిన ప్లాట్‌ఫాం కింది నూనె బావిని మూయడం: గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో నా అనుభవం

2004 సెప్టెంబరులో ఇవాన్ హరికేన్ లూసియానా తీరానికి అవతల, మిసిసిపీ కేన్యన్ 20 బ్లాకులో సముద్రం అడుగున ఉన్న బురదను జారగొట్టింది. టేలర్ ఎనర్జీ కంపెనీ చమురు ప్లాట్‌ఫాం కూలి 500 అడుగులకు పైగా కొట్టుకుపోయింది. అక్కడున్న 28 బావుల్లో ఏళ్ల తరబడి కష్టపడి మూయగలిగింది తొమ్మిదే. మిగతావాటి పైపులు లోతైన బురద కింద చిక్కుకుపోయాయి. సిమెంటు పోయడం ఎవరికైనా వచ్చు. దాన్ని బావిలోకి దింపే దారి దొరకడమే కష్టం.

మేం మూసినవి అంతకన్నా లోతు తక్కువ నీళ్లలోని బావులు. డైవర్లు దిగగలిగే నీళ్లు, బురద మట్టం దగ్గర వంగిపోయిన కండక్టర్లు, అంటే బావికి అన్నిటికన్నా బయట ఉండే లావు పైపులు. ముందుగా డైవరు నీటి జెట్ కొట్టి బురద తొలగిస్తూ, నిటారు పైపు బయటపడేదాకా తవ్వుతాడు. గుంత అంచులు ఏటవాలుగా ఉండాలి. నిలువుగా వదిలేస్తే కూలి మనిషిని కప్పేస్తాయి.

తర్వాతది హాట్ ట్యాప్, అంటే లోపలి ఒత్తిడి బయటికి తన్నకుండా పైపుకు రంధ్రం చేయడం. మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం కేటాయించమనేది దీనికే. కండక్టరు లోపల ఒకదానిలో ఒకటిగా మూడు నాలుగు కేసింగులు (బావి గోడగా దింపే ఉక్కు పైపులు), అన్నిటికీ నడుమ నూనె పైకి వచ్చే సన్న పైపు ట్యూబింగ్ ఉంటాయి. వాటి మధ్య ఉండే ప్రతి సందులోనూ గ్యాస్ బిగుసుకుని ఉండొచ్చు. అది తెలుసుకోకుండా రంపం పెట్టకూడదు. పైపుకు సీలున్న క్లాంపు బిగించి, దాని మీద వాల్వు, ఆపైన డ్రిల్లు అమర్చి, ముందు సీలును ప్రెజర్‌తో పరీక్షిస్తాం. బిట్టు తెరిచిన వాల్వు గుండా వెళ్లి గోడ తొలుస్తుంది. తొలవగానే దాన్ని వెనక్కి లాగి వాల్వు మూసి, గొట్టం ద్వారా పైన బోటులో గేజ్ చూస్తాం. బయటి సందుతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా లోపలికి వెళ్లాలి.

గేజ్ ఏం చెబుతోందో అర్థం చేసుకోవాలి. ప్రెజర్ వదిలాక మూసి చూస్తే మళ్లీ లేవకపోతే, అది చిక్కుకున్న గ్యాస్ మాత్రమే. మళ్లీ లేస్తే కింద ఏదో పొర నుంచి గ్యాస్ వస్తూనే ఉంది, ఆ సందుకు విడిగా సిమెంటు కావాలి. రెండో ప్రమాదం దీనికి తలకిందులు. 200 అడుగుల లోతులో బయటి సముద్రపు నీరే దాదాపు 89 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి పెడుతుంది. లోపల అంతకన్నా తక్కువుంటే, కోసిన సందు డైవరు చేతిని లాగేసుకుంటుంది. అందుకే కోతకు ముందు లోపలా బయటా ఒత్తిడి సమం చేస్తాం.

ఆ తర్వాత డైమండ్ వైర్ రంపంతో వంగిన భాగం కోసి, కొత్త కనెక్టరు, వాల్వులు బిగిస్తాం. ఇక్కడ తరచూ ఆపేది ట్యూబింగ్‌లోని సేఫ్టీ వాల్వు. దాన్ని తెరిచి ఉంచే ఒత్తిడిని పైనుంచి అందించే సన్న గొట్టం, కంట్రోల్ లైన్, తెగితే అది మూసుకోవాలి, అలాగే తయారుచేశారు. పైనుంచి పంపు చేసి ఒత్తిడి సమం చేస్తే ఒక్కోసారి తెరుచుకుంటుంది. లేకపోతే కాయిల్డ్ ట్యూబింగ్ (చుట్టగా చుట్టిన పొడవాటి ఉక్కు గొట్టం) దింపి, దాని కొసనున్న మిల్లు అనే కోత పనిముట్టుతో కొరికించాలి. వంపు తీవ్రంగా ఉంటే వైర్‌లైన్ (తీగకు వేలాడదీసి దింపే) పనిముట్లు దిగవు, పొట్టివి వాడాలి.

దారి దొరికాక అమెరికా నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. పెర్ఫొరేషన్లకు, అంటే నూనె లోపలికి వచ్చేందుకు కేసింగుకు చేసిన రంధ్రాలకు, పైన 100, కింద 100 అడుగుల సిమెంటు ప్లగ్ (బిరడా) ఒక పద్ధతి. పైభాగంలో కనీసం 150 అడుగుల ప్లగ్, సముద్రపు అడుగుకు 150 అడుగుల లోపే ఉండాలి. అడుగుకు 47 పౌండ్లు తూగే 9⅝ అంగుళాల కేసింగులో అడుగుకు 0.0732 బ్యారెళ్లు పడతాయి. అంటే 150 అడుగులకు 11 బ్యారెళ్లు. గ్యాలన్‌కు 16.4 పౌండ్లుండే క్లాస్ హెచ్ (నూనె బావుల్లో వాడే రకం) సిమెంటైతే సుమారు 58 బస్తాలు. లెక్క అంతే వచ్చినా నేను అంతే పంపను. పైకొనా కిందికొనా బావిలోని ఉప్పునీటితో (బ్రైన్) కలిసి పాడవుతాయి కాబట్టి ఎక్కువ పోయాలి. బ్రైన్ కన్నా సిమెంటు బరువు, కింద ఆధారం లేకపోతే జారిపోతుంది. పైపులో బిగుసుకునే బ్రిడ్జ్ ప్లగ్ గానీ, పిల్ అనే చిక్కటి ద్రవం గానీ పెట్టాకే పోయాలి. గట్టిపడే వేళ సిమెంటు ఒత్తిడి తగ్గుతుంది, ఆ అదను చూసి గ్యాస్ సన్నటి దారులు చేసుకుంటుంది. తొందరపడి పోసిన ప్లగ్గులు కారేది ఎక్కువగా ఇందుకే.

పరీక్ష: ప్లగ్ మీద 15,000 పౌండ్ల పైపు బరువు నిలబెట్టాలి, లేదా 1,000 పీఎస్‌ఐ పెట్టి 15 నిమిషాల్లో పది శాతానికి మించి పడకూడదు.

పైపు అసలు దొరకకపోతే పక్కనుంచి మరో బావి తవ్వి, ఉక్కు కేసింగు అయస్కాంత జాడ పట్టుకుని కిందనే తగలాలి. 2009లో తిమోర్ సముద్రపు మోంటారా బావి కేసింగు పాతిక సెంటీమీటర్ల వెడల్పుది, రెండున్నర కిలోమీటర్ల లోతున ఐదో ప్రయత్నంలో చిక్కింది. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ-డీ6 బ్లాకులో కిలోమీటరు దాటిన నీళ్లలోనూ బావులున్నాయి. అక్కడ డైవరు దిగలేడు, అంతా ఆర్‌ఓవీ (పైనుంచి నడిపే నీటి అడుగు రోబో) చేతుల్తోనే.

చివరికి కేసింగులను బురద మట్టానికి 15 అడుగుల కింద కోసి పైకి తీస్తాం. ఆర్‌ఓవీ కెమెరా ఆ చోటే నిలిచి బుడగల కోసం చూస్తుంది. బుడగ కనిపించినంత మాత్రాన ప్లగ్ కారిందని కాదు, బురదలోని సూక్ష్మజీవులూ మీథేన్ పుట్టిస్తాయి. నమూనా పట్టి ఈథేన్, ప్రొపేన్ పాళ్లు, కార్బన్ ఐసోటోపులు చూడాలి. అవి రిజర్వాయరు (కింద నూనె ఉన్న పొర) గ్యాస్‌తో సరిపోలితే ఆ బావిని మళ్లీ తవ్వాల్సిందే.