చుట్టకుదురు

"దుడ్లు సరిగ్గా చూసుకో అక్కా" అన్నా. నాలుగు వంద నోట్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. పక్కన గడకు కట్టిన వల చిక్కంతో మామిడికాయలు కోసిన అబ్బాయికి ఏడు వందలు ఇచ్చా.

ఈరోజు బంగారుపాళ్యం దగ్గర మా తోటలో తోతాపురి కోత. పొద్దున ఆరు నుంచీ ఆమె కాయలు ఏరింది, మచ్చలవి వేరు చేసింది, గంపలు మోసి ట్రాక్టరుకు ఎత్తింది. సాయంత్రం గంప కింద నెత్తిన పెట్టుకున్న చుట్టకుదురు తీస్తే జుట్టంతా మామిడి సొన, అట్టలు కట్టి ఉంది.

"చెట్టెక్కేది మగోళ్ళు కదన్నా" అన్నాడు మేస్త్రీ. ఆ అబ్బాయి చెట్టే ఎక్కలేదు. నేలమీద నిలబడే కోశాడు, మధ్యలో ఫోను కూడా!

సమాన కూలి చట్టం 1976లోనే వచ్చింది. మా తోటలో లెక్క రాసేది మాత్రం నేనే.

"రేపూ రావాల్నా నాయనా?" అంది వెళ్తూ. కూలి సంగతి ఆమె అడగలేదు. నేనూ ఎత్తలేదు.