నీలితెర వెనుక దొంగ

అనంతపురం మే నెల ఎండలో, నేను విడిభాగాలు తెచ్చి అమర్చుకున్న కంప్యూటరు రోజుకు నాలుగైదుసార్లు నీలితెర (విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే నీలిరంగు తెర) చూపి ఆగిపోతుంటే, ఎవరైనా మొదట వేడినే అనుమానిస్తారు. నేనూ అదే పని చేసి, క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టి రెండు రోజులు వృథా చేసుకున్నాను. ప్రాసెసర్ 70 డిగ్రీలు దాటకపోయినా రోగం కుదరలేదు. విండోస్ తన సంఘటనలు రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే కెర్నల్-పవర్ 41 అనే నమోదు, యంత్రం సక్రమంగా షట్‌డౌన్ కాలేదని చెబుతుందే తప్ప ఎందుకు కాలేదో తేల్చి చెప్పదు. దాన్ని నమ్మి పవర్ సప్లై కొనబోయిన నన్ను మా తమ్ముడు ఆపాడు.

ఆ రాత్రి పెన్‌డ్రైవ్ నుంచి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ నడిపితే, పావుగంటకే తెర మీద తప్పులు చూపే ఎర్రని వరుసలు దిగసాగాయి. బయాస్‌లో (బోర్డు సెట్టింగులలో) ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ తీసేసి, దాని వేగాన్ని 3200 నుంచి 2133కు దించినా తప్పులు ఆగకపోవడంతో, రెండు ర్యామ్‌లనూ ఒకదాని తర్వాత ఒకటి ఒకే స్లాట్‌లో పెట్టి పరీక్షించాను. (స్లాట్ మారిస్తే దోషం ర్యామ్‌దో బోర్డుదో తేలదు.) ఒకటి తెల్లవారేసరికి నాలుగు పాస్‌లూ (పరీక్ష విడతలూ) శుభ్రంగా ముగించింది, రెండోది మొదటి పాస్‌లోనే దొరికిపోయింది. దాని బంగారు పూత అంచును రబ్బరుతో రుద్ది చూసినా ఫలితం లేకపోయింది. దాన్ని వారంటీకి పంపి, ప్రస్తుతం 8 జీబీతోనే నెట్టుకొస్తున్నాను. పది రోజులుగా నీలితెర రాలేదు.